ఫ్రిజ్ మీద శుక్రవారం బొట్టు

"బొట్టు తుడిసేసినావేటి?"

అత్త అడిగేసరికి నా చేతిలో తడిగుడ్డ ఉంది. పావుగంట కిందట ఆవిడ ఫ్రిజ్ తలుపు మీద పెట్టిన పసుపు బొట్టు ఆ గుడ్డకి అంటుకుని ఉంది. కాదనడానికి ఏమీ లేదు.

"తలుపు కడుగుతున్నాను అత్తయ్యా. ఆరాక మళ్ళీ పెట్టండి."

"శుక్కురోరం ఎట్టిన బొట్టు తుడిసేసి మళ్ళీ ఎట్టుకోమంతన్నావా? నానేటి గోడకి ఎల్ల ఏస్తన్నానా, ఒక పూత ఆరినాక ఇంకో పూతెయ్యడానికి?"

"మరక పడుతోందండీ. చూడండి ఎలా ఉందో."

"మాటకో అండీ తగిలిస్తాది. సేతలు మాత్తరం ఇలగుంతాయి."

ఆవిడ ఇత్తడి గిన్నెలో వేలు ముంచి, నేను తుడిచిన చోటే, ముందు పెట్టిన దానికి రెండింతల బొట్టు పెట్టింది. తడి తలుపు మీద పసుపు కొంచెం కిందికి జారింది. మధ్యలో కుంకుమ చుక్క పెట్టి, నా వైపు తిరిగింది.

"ఇప్పుడు తుడు, సూద్దాం."

నేను తుడవలేదు.

మా అత్త జగ్గమ్మ ప్రతి శుక్రవారం తలకి పోసుకుని, పసుపు గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. గడపలతో మొదలుపెట్టి గ్యాస్ పొయ్యి, గ్రైండరు, మిక్సీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, చివరికి మెట్ల కింద ఇన్వర్టరు దాకా దేన్నీ వదలదు. అందరూ ఆయుధపూజ నాడు ఏడాదికోసారి చేసేది మా ఇంట్లో వారం వారం జరుగుతుంది. ఆ పసుపు కూడా కొట్లో కొన్నది కాదు. శృంగవరపుకోట సంతలో పచ్చి కొమ్ములు కొని, పెరట్లో ఉడకబెట్టి, డాబా మీద ఎండబెట్టి మర పట్టించినది. వేలికి అంటితే మూడు రోజులు వదలదు. ఫ్రిజ్ కొని పదకొండేళ్ళయింది. రూపాయి బిళ్ళంత బొట్టు కాస్తా ఇప్పుడు సాసరంత మచ్చయింది.

దూరం నుంచి చూసేవాళ్ళకి ఫ్రిజ్ అంతా ఒకటే పసుపు. రోజూ దాని ముందు నిలబడేదాన్ని కాబట్టి నాకు మూడు రకాలు కనబడతాయి. పొయ్యి వైపున్న పక్క, తలుపు పై భాగం జిడ్డు పసుపు. గోరుతో గీస్తే గోట్లోకి వస్తుంది. చేతిపిడి, లోపలి కూరగాయల డబ్బా వయసు పసుపు. అది తెల్ల ప్లాస్టిక్ ముసలిదై పచ్చబడ్డది, ఎంత తోమినా పోదు, ఎందుకంటే అక్కడ మురికి లేదు. మూడోది బొట్టు పసుపు. దేనికి వేసే మందు దానికే వేయాలి. ఈ సంగతి తెలియక మా ఆయన నరేష్ ఓసారి బాత్‌రూమ్ కడిగే యాసిడ్ తెచ్చాడు. నేను సీసా మూత తియ్యకుండానే వెనక్కి పంపించాను.

పదకొండేళ్ళు ఊరుకుని ఈ వారమే ఎందుకు మొదలుపెట్టానంటే, సోమవారం నుంచి నాకు ఉద్యోగం.

విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు. బీఎస్సీ చదివి, పెళ్ళై గజపతినగరం వచ్చి పద్నాలుగేళ్ళయింది. మా పిల్ల గురుకులంలో చేరాక దరఖాస్తు పెట్టాను. మంగళవారం ఉత్తరం వచ్చింది. సోమవారం తొమ్మిదిన్నరకి చేరకపోతే జాబితాలో తరువాతి పేరుకి ఇస్తామని అందులోనే రాసి ఉంది. ఇంట్లో చదివి వినిపించాను. మావయ్య సోములు "మంచిదేనమ్మా" అన్నారు. నరేష్ "నీ ఇష్టం" అన్నాడు. అత్త "ఊఁ" అంది. అంతే. ఆవిడ అరిస్తే నాకు భయం లేదు. ఆ "ఊఁ" విన్నాక మాత్రం, ఇల్లు గాలికొదిలేసి ఉద్యోగానికి పోయిందన్న మాటకి ఆస్కారం ఇవ్వకూడదనుకున్నాను. బుధవారం అటక దులిపాను. గురువారం మిక్సీ, గ్రైండరు. శుక్రవారం వంతు ఫ్రిజ్‌ది.

బొట్టు జోలికి పోకుండా పై భాగం జిడ్డు తీసేద్దామని, గోరువెచ్చటి నీళ్ళలో బట్టల సోడా ముద్దగా కలిపి తలుపు పైన పూశాను. పది నిమిషాలు నానాలి. ఈలోగా బట్టలు ఆరేద్దామని పెరట్లోకి వెళ్ళాను. ముద్ద కొంచెం పల్చనైందని పూసేటప్పుడే అనిపించింది. పట్టించుకోలేదు. ఆ తప్పు నాదే.

నాలుగో చీర తీగ మీద వేస్తుండగా కేక వినబడింది.

"ఓలమ్మో! ఓలమ్మో! నెత్తురు!"

పరిగెత్తాను. అత్త వంటింట్లో గోడకి చేరగిలబడి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఫ్రిజ్ తలుపు మీద బొట్టు పసుపుగా లేదు. ఎర్రగా ఉంది. అందులోంచి మూడు ఎర్ర చారలు కింది అంచు దాకా దిగాయి. సోడా నీరు జారి పచ్చి పసుపు మీద పడింది. నాకు చూడగానే అర్థమైంది.

పక్కింటి తాయారు పిట్టగోడ అవతలినుంచి వచ్చేసింది. "ఏటైనాది అప్పా?"

"సూడే తాయారూ, సూడు. శుక్కురోరం బొట్టు తుడిసేసినాది. పైడితల్లి అమ్మోరు నెత్తురు కక్కినాది."

"నెత్తురు కాదు," అన్నాను. "సోడా నీళ్ళు పడ్డాయి. పసుపు మీద సోడా పడితే ఎర్రబడుతుంది."

"నానెట్టిన బొట్టు నీ సోడాకి ఎర్రబడతాదా?"

"ఎవరు పెట్టినా ఎర్రబడుతుంది అత్తయ్యా. పసుపుకి ఆ గుణం ఉంది. దాని మీద పులుపు పడితే మళ్ళీ పసుపైపోతుంది. చూడండి."

నిమ్మకాయ కోసి ఒక చెక్క తెచ్చాను. క్లాసులో పిల్లలకి చూపించినట్టు, అందరికీ కనబడేలా పక్కకి జరిగి, చారల మీద పిండాను. ఎరుపు వెలిసి, ఒక్క క్షణంలో పసుపు తేలింది. నాకు లోపల చిన్న గర్వం కలిగింది. ఆవిడకి ఒక విషయం నేర్పాననుకున్నాను.

తాయారు రెండు చేతులూ జోడించింది. "నిమ్మకాయ పిండేసరికి సాంతించేసిందే తల్లి!"

మావయ్య గుమ్మంలో నిలబడి తలుపునీ నన్నూ మార్చి మార్చి చూశారు. అత్త చెంగు నోటి మీదనుంచి తీసింది.

"ఇంతకంటే ఏటి సెప్పాలి అమ్మోరు? గుమ్మం దాటుతావేమో అని సూపించినాది. సోమారం ఎక్కడికీ ఎల్లక్కరలేదు. నెల్లాళ్ళు అరిష్టం. తరవాత సూద్దాం."

"నెల తరవాత ఉద్యోగం ఉండదు."

"ఉద్యోగం లేకపోతే పోనాది. ఇల్లు లేకపోతే ఎక్కడుంతావు?"

నా మాట వినకుండా తాయారుకి కాఫీ కలపడానికి పొయ్యి వెలిగించింది.

సాయంత్రం నరేష్ కొట్టు నుంచి వచ్చాడు. మెయిన్‌రోడ్డు మీద మోటార్లు రిపేరు చేసే కొట్టు మాది. చేతులకి గ్రీజు కడుక్కుంటున్నవాడి పక్కన నిలబడి జరిగింది చెప్పాను. అప్పటికే బజారులో ఇద్దరు చెప్పారట.

"నెల్లాళ్ళాగితే ఏటవుతాది విశాలీ?"

"సోమవారం చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీకు చదివి వినిపించాను."

"ఇంకోటి వస్తాది."

"ఇది రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది."

"అమ్మ భయపడిపోనాది. అమ్మోరు మాటెత్తినాక నానేటి అనగలను? ఏదైనా అయితే జన్మంతా నన్నే అంతాది."

భయపడిన మనిషి ఒకే కథ నాలుగిళ్ళ వాళ్ళకి, నాలుగు సార్లూ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పదు. ఆ మాట నరేష్‌తో అనలేదు. అప్పటికి నాకే నమ్మకం లేదు. చదువుకోని మనిషి, నిజంగానే బెదిరిపోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. కానీ అదే మనిషి వడ్లగింజ పంటి కింద పెట్టి, తేమ ఎంతో యంత్రం కంటే ముందు చెప్పేస్తుంది. ఆవిడకి తెలియనివి ఏమిటో, తెలిసినవి ఏమిటో నేను ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

శనివారం పొద్దున్నే చేతిపిడి, కూరగాయల డబ్బా, వాషింగ్ మెషిన్ మూత విప్పి డాబా మీదికి పట్టుకెళ్ళాను. మొదలుపెట్టిన పని సగంలో వదిలితే ఓడిపోయినట్టే ఉంటుంది. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే పెరాక్సైడ్ తెచ్చి, అందులో మొక్కజొన్న పిండి కలిపి చిక్కగా చేసి, చేతులకి కవర్లు తొడుక్కుని బ్రష్‌తో పూశాను. ఆరిపోకుండా పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎండలో పెట్టాను. గంటకోసారి తిప్పాలి. లేకపోతే ఒక వైపు తెల్లగా, ఒక వైపు చారలుగా మిగులుతుంది.

రెండోసారి తిప్పుతుండగా అత్త వడియాల చాప పట్టుకుని పైకి వచ్చింది.

"పెళ్ళికూతురికి కూడా ఇంత నలుగెట్టరు."

నేను డబ్బా అంచు దగ్గర ఊడిన ప్లాస్టిక్ కాగితం మళ్ళీ చుట్టాను.

"తెల్లగైతే ఏటొస్తాది? కూర సల్లగుంతాది గాని తెల్లగవదు కదా."

"చూసే కళ్ళకి బాగుంటుంది అత్తయ్యా."

"ఎవల కళ్ళకి? నీ కళ్ళకి ఈ ఇంట్లో ఏటి బాగున్నాది గనక?" చాప పరిచి నీడకి జరిగింది. "రేపు రాజకుమారొస్తాది. ఏడో నెల కదా. పురుడొచ్చీదాకా ఇక్కడే ఉంతాది. అల్లుడు దిగబెడతన్నాడు. పొద్దున్నే కోడి కొయ్యాల. ముందు గది ఖాళీ సెయ్యి."

రాజకుమారి నా ఆడపడుచు. కాపురం శృంగవరపుకోటలో. మొదటి కాన్పు కష్టమైంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే బిడ్డ దక్కకుండా పోయింది. ఈసారి పురుటికి ఇక్కడికే వస్తుందని తెలుసు గాని, తొమ్మిదో నెలలోనని అనుకున్నాను.

"రేపా? ఎప్పుడు అనుకున్నారు?"

"ఎప్పుడనుకుంతే నీకేటి? పంచాంగం సూసి అనుకున్నాం."

ఆవిడ దిగి వెళ్ళిపోయింది. నేను డబ్బా మూడోసారి తిప్పాను. సాయంత్రానికి చేతిపిడి కొత్తదానిలా అయింది. కూరగాయల డబ్బా అడుగున మాత్రం కొంచెం పసుపు మిగిలింది. మధ్యాహ్నం మావయ్య సాయంతో ఫ్రిజ్‌ని పెరటి గుమ్మం వైపు జరిపి, బొట్టు మరకని స్పిరిట్ దూదితో తుడిచి, తలుపుకి ఎండ తగలనిచ్చాను. పసుపుకి ఎండ గిట్టదు. సాసరంత మచ్చ చూస్తుండగానే పాలిపోయింది.

"నా సున్నం డబ్బీ ఎక్కడైనా సూసినావేటమ్మా?" అని మావయ్య రెండుసార్లు అడిగారు. ఆయనకి భోజనం అయ్యాక కిళ్ళీ పడకపోతే తోచదు. చూడలేదన్నాను.

ఆదివారం పదింటికి ఆటో ఇంటి ముందు ఆగింది. అత్త వీధి గుమ్మం దగ్గరినుంచి కేకేసింది. "అక్కడే ఉండే, దిగి లోపలికి రాకు! దిష్టి తియ్యాల!"

నేను వంటింట్లో కోడికూరలో గరిటె తిప్పుతున్నాను. పొయ్యి దగ్గరినుంచి హాలు, హాల్లోంచి వీధి గుమ్మం సూటిగా కనబడతాయి. అత్త గడప మీద స్టీలు పళ్ళెం పెట్టింది. చెంబుతో నీళ్ళు పోసింది. పసుపు గిన్నెలోంచి చిటికెడు పసుపు వేసింది. నడుము దగ్గర కొంగు ముడి విప్పి, మావయ్య సున్నం డబ్బీ తీసింది. గోరంచుతో రవ్వంత సున్నం తీసి నీళ్ళలో వేసి, చూపుడు వేలితో ఒక్కసారి గిరగిరా తిప్పింది.

పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఫ్రిజ్ తలుపు మీద చారలు ఏ ఎరుపో, అదే ఎరుపు.

గరిటె నా చేతిలో ఆగిపోయింది. ఆ నీళ్ళు నేను కొత్తగా చూడడం లేదు. నేను కాపురానికి వచ్చిన రోజు ఇదే గడప అవతల నిలబడితే, ఇవే వేళ్ళు ఇదే పళ్ళెంలో కలిపాయి. పిల్ల పుట్టి ఇంటికి వచ్చినప్పుడు కలిపాయి. ఊళ్ళో ఎవరికి దిష్టి తియ్యాలన్నా ఆవిడనే పిలుస్తారు. పాళ్ళు కుదరకపోతే నీళ్ళు నారింజ రంగుకి వచ్చి ఆగిపోతాయని, ఆవిడ చేతికి ఎప్పుడూ నిండు ఎరుపే వస్తుందని తాయారే అంటుంది. నేను కాలేజీలో పరీక్షనాళికలో చూసిన ఎరుపునీ, గుమ్మంలో పళ్ళెంలో చూసిన ఎరుపునీ పద్నాలుగేళ్ళు వేరువేరుగా ఉంచుకున్నాను. ఆవిడ ముందు నిమ్మకాయ పిండి పాఠం చెప్పాను. పసుపు ఎందుకు ఎర్రబడుతుందో ఈ ఇంట్లో ఎవరికైనా చేతివేళ్ళతో సహా తెలుసునంటే, అది ఆవిడకే.

ఆవిడ భయపడలేదు. శుక్రవారం వంటింట్లోకి వచ్చి, ఎర్ర చారలు చూసి, అవి దేనికి పనికొస్తాయో ఆలోచించుకుని, అప్పుడు కేకేసింది.

దిష్టి తీశాక రాజకుమారి బరువుగా నడిచి వచ్చి, ముందు గదిలో నా మంచం మీద కూచుంది. మొహం పాలిపోయి ఉంది. మంచినీళ్ళిచ్చాను.

"వదినా, నువ్వుంటావని అమ్మ పదిహేన్రోజులై సెప్తన్నాది. అందుకే బేగి వచ్చీసాను. లేకపోతే మా అత్తోరింట్లోనే ఉండిపోదును."

"పదిహేను రోజులా?"

"ఆఁ. పోయిన ఆదోరానికి ముందు ఆదోరం. నీకు సెప్పలేదేటి?"

నాకు ఉత్తరం వచ్చింది మంగళవారం. దానికి ముందు నుంచే నా పేరు ఖాయమైపోయి ఉంది. నాకు చెప్పనక్కరలేదు, అడగనక్కరలేదు. ఫ్రిజ్ ఎక్కడికీ వెళ్ళదు కదా, అలాగే నేనూ.

ఒంటిగంటకి హాల్లో చాపలు వేసి ఆకులు పరిచాను. మావయ్య, అల్లుడు గిరిబాబు, నరేష్ ఒక వరస. ఎదురుగా గోడకి ఆనుకుని రాజకుమారి, పక్కన అత్త. నేను వడ్డన. అల్లుడి ముందు మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. కోడలైతే అసలు నోరే ఎత్తదు. అత్త అందుకోసమే ఆ సమయం చూసుకుందని కూర రెండో వాయి వడ్డిస్తున్నప్పుడు తెలిసింది.

"అల్లుడూ, రాజకుమారి గురించి నువ్వేటీ బెంగెట్టుకోకు. ఇసాలి ఇంట్లోనే ఉంతాది. ఏదో ఉద్యోగం అనుకున్నాది గాని, ఒగ్గేసినాది. అమ్మోరు కూడా వద్దన్నాది."

గిరిబాబు తలెత్తి నా వైపు చూశాడు. "అవునా అక్కా? పాపం, మాకోసం..."

నరేష్ ఆకులో అన్నం చాలా శ్రద్ధగా కలుపుతున్నాడు.

నేను కూరగిన్నె కింద పెట్టాను. గొంతు పెంచలేదు.

"అత్తయ్యా, పొద్దున్న రాజకుమారికి దిష్టి తీశారు కదా. ఆ నీళ్ళలో కుంకుమ కలిపారా?"

"కుంకమేల?" చటుక్కున అంది. నాకు ఆ మాత్రం తెలియనందుకు జాలిపడ్డట్టు నవ్వింది. "దిష్టికి కుంకం కలపరు. పసుపూ సున్నం..."

అక్కడ ఆగిపోయింది.

"సున్నం చేసే పనే సోడా కూడా చేస్తుంది," అన్నాను.

మావయ్య నోట్లో ముద్ద పెట్టుకోబోతూ ఆగారు. ఆయనకి సంగతి అప్పుడే అందినట్టుంది. ఆనందంగా అన్నారు. "అవునే జగ్గీ! మొన్నేసవిలో నా తెల్లపంచి మీద పప్పు వలికితే, నాను సబ్బెడితే ఎర్రగైపోలేదేటి? నెత్తురనుకుని నాను కంగారు పడితే, పసుపు మీద సబ్బెడితే అంతేనయ్యా పిచ్చోడా అని నువ్వే కదా నవ్వినావు!" ఒక్క క్షణం ఆగి, "అన్నట్టు నా సున్నం డబ్బీ నీకాడున్నాదేటి?" అన్నారు.

రాజకుమారి తన తల్లి మొహంలోకి చూసింది. గిరిబాబుకి ఏమీ అర్థం కాలేదు గాని, ఏదో అయిందని మాత్రం తెలిసి, ఆకు వైపు వంగాడు.

అత్త కొంగు ముడి విప్పి డబ్బీ తీసి, మావయ్య ఆకు పక్కకి విసిరింది. అది దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళ గ్లాసుకి తగిలి ఆగింది.

"తెలుసు," అంది. "తెలిస్తే ఏటి? నాకు అరవయ్యెనిమిదేళ్ళు. మోకాళ్ళు వంగవు. దీనికి ఏడో నెల. మొన్నటిసారి ఏటైనాదో నీకు తెల్దా? పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఇంట్లో నానొక్కదాన్నీ ఉంతే, దీనికి నొప్పులొస్తే నానేటి సెయ్యాల?"

"అది నాతో చెప్పాల్సింది."

"సెప్తే ఉందువా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఉందునని చెబితే ఆ పూట మంచిదాన్నైపోదును. రాజకుమారి మొహం చూస్తే అబద్ధం చెప్పాలనే అనిపించింది. కానీ ఆ ఇంట్లో మూడు రోజులుగా ఒక అబద్ధం తిరుగుతోంది. దానికి తోడు ఇంకొకటి వద్దనుకున్నాను.

"ఉండేదాన్ని కాదు. కానీ ఏం చెయ్యాలో కూచుని ఆలోచించుకుందుం. మీరు నన్ను అడగలేదు. అమ్మవారిని అడ్డం పెట్టారు. ఇప్పుడు నాలుగిళ్ళలో నేను అరిష్టం తెచ్చిన కోడల్ని."

"అయితే ఇప్పుడేటంతావు? నా కూతుర్ని ఒగ్గేసి పోతానంతావా, అల్లుడి ముందే?"

"అల్లుడి ముందు మొదలుపెట్టింది మీరే."

నరేష్ "విశాలీ" అన్నాడు, మెల్లగా. ఈ మూడు రోజుల్లో తల్లి ముందు అతను అన్న మొదటి మాట అది. అది కూడా నాకే.

నేను అతని ఆకు దగ్గరికి వెళ్ళాను. అన్నం తక్కువైందని ఒక గరిటెడు వేశాను.

"రేపు ఏడున్నర బస్సుకి విజయనగరం వెళ్తున్నాను," అన్నాను, అందరికీ వినబడేలా. "ఉద్యోగంలో చేరుతున్నాను. పొద్దున్న వంట చేసి పెట్టి వెళ్తాను. సాయంత్రం ఆరు దాటకుండా వస్తాను. మధ్యలో రాజకుమారి దగ్గర వాళ్ళన్న ఉంటాడు. కొట్లో పనివాళ్ళున్నారు కదా, మోటార్లు వాళ్ళు చుడతారు. ఈయన పగలంతా ఇంటి దగ్గర కూచుంటాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ, తీసుకొచ్చేదీ ఈయనే. చెల్లెలు ఈయనది."

నరేష్ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. కాదనడానికి మింగాలి. మింగేలోగా గిరిబాబు, పాపం మర్యాదస్తుడు, "అలాగైతే బాగుంతాది బావా" అనేశాడు.

అత్త ఆకు మీద చెయ్యి కడిగేసింది. సగం అన్నం అలాగే ఉంది.

"ఎల్లు," అంది. "ఎల్లు. శుక్కురోరం బొట్టు మాత్తరం ఆ ఫ్రిజ్ మీద నానెడతాను. తుడిసినావో, అప్పుడు సెప్తాను."

"పెట్టండి," అన్నాను. "శనివారం తుడుస్తాను."

అల్లుడికి చారు పోయడానికి గిన్నె అందుకున్నాను.